పద్దెనిమిది డిగ్రీల గది

ఐదింటికి మెకానిక్‌ని హత్య కేసులో మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నాలుగింటికి స్టేషన్ నుంచి వ్యాను బయల్దేరుతుంది. నేను లాకప్ ముందు స్టూలు లాక్కుని కూర్చునేసరికి పది దాటి పది నిమిషాలైంది. అంటే నా దగ్గరున్నది ఆరు గంటలు కూడా లేదు.

పొద్దున ఏడింటికి మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది మెకానిక్ వాళ్ళ అక్క. బట్టలు కుడుతుంది. మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం కూడా మర్చిపోయింది. "అక్కా, వాడు బల్లిని కొట్టడానికి కూడా చెయ్యెత్తడు" అంది. పోలీసు కేసుల్లో నిజం తవ్విపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్ళ నోట ఇలాంటి మాటలు పాతికేళ్ళుగా వింటున్నాను. బల్లిని కొట్టనివాళ్ళు మనుషుల్ని కొట్టడం కూడా చూశాను. అయినా ఆ టేపు చూసి కాదనలేకపోయాను.

"మొదట్నుంచీ చెప్పు" అన్నాను మెకానిక్‌తో. "టైములు కావాలి నాకు. కన్నీళ్ళు తర్వాత."

ముప్పై ఏళ్ళుంటాయేమో. గోళ్ళలో నల్లటి గ్రీజు ఉంది. ఏసీలు బాగుచేసేవాడికి ఉండాల్సిందే.

"మొన్న సాయంత్రం ఐదింటికి మాస్టారు పిలిచారమ్మా. రెండు వారాల క్రితం వాళ్ళల్లుడు కొత్త మెషిన్ పెట్టాడంట. చలికాలం వేడి, ఎండాకాలం చల్లన, కరెంటు సగమే కాలుద్దని. ఇరవై ఆరు పెట్టినా చల్లబడట్లేదు, ఇరవై రెండు పెట్టినా అంతే, ఇప్పుడు పద్దెనిమిదికి తెచ్చానన్నారు. ముందు రేకు కొంచెం ఎత్తి చూశాను. లోపల మంచు. కరిగాక విప్పాలి, నిచ్చెనా గ్యాస్ కొలిచే గేజీ తెచ్చుకుని రేపు పదింటికి వస్తానని చెప్పి వెళ్ళిపోయాను. పెద్ద స్పానర్ కిటికీ గట్టు మీద మర్చిపోయాను."

ఆ స్పానర్‌తోనే నిన్న మాస్టారిని తల వెనక కొట్టి చంపారు. దాని మీద వేలిముద్రలు ఇతనివే. ఇంకెవరివీ లేవు. గుడ్డతో పట్టుకున్నవాడివి ఎలాగూ పడవు.

"నిన్న?"

"పదింటికి వచ్చాను. వాచ్‌మన్ పుస్తకంలో రాశాడు. బయట తలుపు దగ్గరికి వేసుంది. పిలిచాను, పలకలేదు. గది తలుపు మూసుంది. తట్టాను. పెద్దాయన గది, నేనెలా తీస్తానమ్మా? బాల్కనీలోకెళ్ళి ఔట్‌డోర్ చూశాను. గొట్టం మీద మణికట్టంత మందాన మంచు. ఇరవై నిమిషాలు ఆగాను. ఇంకో ఇల్లు ఒప్పుకున్నాను కదాని వెళ్ళిపోయాను."

"గది తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు?"

"రెండు నిమిషాలుంటుంది. చెప్పులు బయట విప్పాను. కాళ్ళకి చల్లగా తగల్లేదు."

నేను రాసుకోవడం ఆపాను. "మళ్ళీ చెప్పు."

"ఏసీ గది తలుపు కింద సందులోంచి కాళ్ళకి చల్లగాలి తగులుద్ది కదమ్మా. మాకది అలవాటు, ముందు కాళ్ళే చూసుకుంటాం. నిన్న తగల్లేదు. అప్పుడే అనుకున్నా, పెద్దాయన రాత్రంతా ఉక్కపోతలో పడుకుని ఉంటారని."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"చెప్పాను. 'నీ కాళ్ళ సంగతి ఎవడడిగాడురా' అన్నారు."

అన్నదెవరో అడగక్కర్లేదు, ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరే. ఆ ఇన్‌స్పెక్టర్ మా ఆయనకి సొంత తమ్ముడు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళైనా మరిది మరిదే. కానిస్టేబుళ్ళు లేకపోతే నన్ను "వదినా" అంటాడు, ఉంటే "మేడం" అంటాడు. రెండు పిలుపుల్లోనూ నేను ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండునన్న కోరికే వినిపిస్తుంది.

పది నలభైకి మాస్టారి ఫ్లాట్‌లో ఉన్నాను. రెండో అంతస్తు. మరిది నాకంటే ముందే వచ్చి హాల్లో కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు.

"వదినా, ఇది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టున్న కేసు. దీంట్లో కూడా మీరు తొక్క కోసం వెతుకుతారు" అన్నాడు.

"ఒలిచిందెవరో తెలుసుకోవాలి కదా నాయనా. చదువు."

చదివాడు. నిన్న పన్నెండూ నలభై ఐదుకి డ్యూటీ నుంచి వచ్చిన కూతురు గది తలుపు తీసి చూసింది. మాస్టారు రాతబల్ల మీదకి వాలిపోయి ఉన్నారు. ఒంటిగంటా పదికి పోలీసులు. ఒకటిన్నరకి డాక్టర్. శరీరం వేడి ముప్పై నాలుగున్నర డిగ్రీలు, గది పద్దెనిమిది డిగ్రీలు, కాబట్టి ప్రాణం పోయింది పదికీ పదిన్నరకీ మధ్య. వాచ్‌మన్ పుస్తకంలో మెకానిక్ లోపలికి వచ్చింది పది, వెళ్ళింది పదీ ఇరవై. అదే ఇంట్లో ఉంటున్న అల్లుడి కారు ఏడూ ఇరవైకే వెళ్ళిపోయింది. అతను ఎనిమిది నుంచి తన ఏసీల షోరూంలో ఇరవై మంది కళ్ళముందున్నాడు. కూతురు ఐదున్నరకే ఆసుపత్రికి వెళ్ళింది.

"గది పద్దెనిమిది అని ఎవరు కొలిచారు?" అన్నాను.

"కొలవడమేంటి? రిమోట్ మీద కనబడుతుంటే."

"డాక్టర్ వచ్చేటప్పటికి ఏసీ నడుస్తోందా?"

"లేదు. కూతురు ఆపేసి కిటికీలు తీసింది. తండ్రిని అలా చూసిన మనిషి ఏం చేస్తుందో దానికి లెక్కుంటుందా?"

"ఇంకా ఏం రాశావు?"

కొంచెం గర్వంగా చదివాడు. "ఏసీ కింద గోడ వార నేల తడిగా ఉన్నది. నిందితుడు రక్తపు మరకలు కడిగే ప్రయత్నం చేసినట్లు తోస్తున్నది."

"రక్తం బల్ల దగ్గరుంటే గోడ వార కడిగాడా? కడిగితే నీళ్ళెక్కడివి? బకెట్ తడిసిందా? గుడ్డ తడిసిందా?"

కాగితం కిందికి దించి పైకప్పు చూశాడు మా మరిది. చిన్నప్పుడు ఇంట్లో అప్పచ్చులు దొంగిలించి దొరికినప్పుడూ ఇంతే.

గదిలోకి వెళ్ళాను. మాస్టారిని నేనెరుగుదును. నేను బీమా కంపెనీలో యంత్రాల నష్టాలు అంచనా వేసే ఉద్యోగం చేసినప్పుడు రెండుసార్లు నన్ను నలుగురిలో తిట్టారు. రెండుసార్లూ తప్పు నాదే. పాలిటెక్నిక్‌లో ఆయన ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇళ్ళలో పెట్టే మెషిన్లు తనిఖీ చేసేవారు. గోడ మీది ఇండోర్, బాల్కనీలోని ఔట్‌డోర్ ఒకదానికొకటి సరిపడే సైజువేనా, కలిసి పనిచేయడానికి చేసినవేనా అని చూసేవారు. అందుకే అందరికీ ఆయన జోడీ మాస్టారు. "పెద్ద ఎద్దునీ లేగదూడనీ ఒక్క కాడికి కడితే పొలం దున్నవు, మెడలు విరుగుతాయి" అని పాఠం చెప్పేవారు. ఔట్‌డోర్ పెద్దదై ఇండోర్ చిన్నదైతే లోపలి కాయిల్, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట మీద మంచు కడుతుంది. ఆ మంచు గాలికి అడ్డం పడుతుంది. కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం ఉడికిపోతుంది.

ఆ మనిషి సొంత గది చల్లబడకపోయినా రెండు వారాలు ఊరుకున్నారంటేనే నాకు ఆశ్చర్యం. అల్లుడు పెట్టాడని మొహమాటపడి ఉంటారు.

కిటికీలు మూశాను. సంచీలోంచి థర్మామీటర్ తీసి రాతబల్ల మీద పెట్టాను. ముప్పై ఒకటి. రిమోట్‌లో పద్దెనిమిది నొక్కి తలుపు వేసుకున్నాను. పదీ యాభై ఐదు.

"వదినా, లోపల ఏం చేస్తున్నారు?" బయట్నుంచి మరిది.

"చల్లగా కూర్చున్నాను."

పదకొండూ ఐదుకి ముప్పై. పదకొండూ పదిహేనుకి ఇరవై ఎనిమిదిన్నర. పర్వాలేదే, చల్లబరుస్తోంది అనుకుని భయపడ్డాను. ఈ మెషిన్ బాగా పనిచేస్తే ఆ టైలరమ్మ తమ్ముడికి ఇక దిక్కులేదు. పదకొండున్నరకి ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఆ తర్వాత మెషిన్ గాలి శబ్దం మారింది. ముక్కు దిబ్బడేసినవాడి ఊపిరిలా సన్నబడింది. పదకొండూ నలభై ఐదుకి ఇరవై తొమ్మిది. పన్నెండుకి ముప్పై. నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. రిమోట్ మీద మాత్రం పద్దెనిమిది చక్కగా వెలుగుతోంది.

నాకు చెమటపడితే కోపం వస్తుంది. ఆ రోజు మాత్రం కారిన ప్రతి చుక్కకీ సంతోషించాను.

పన్నెండూ పదికి బయట నిచ్చెన చప్పుడైంది. తలుపు తీసి, మళ్ళీ వెంటనే వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. హాల్లో మాస్టారి అల్లుడు, అతని వెనక ఇద్దరు పనివాళ్ళు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవి నిద్రలేక ఎర్రబడ్డాయో, ఏడ్చి ఎర్రబడ్డాయో నాకు తెలీలేదు.

"ఆ మెషిన్ తీయించేస్తాను. దాన్ని చూస్తే మా ఆవిడ తట్టుకోలేకపోతోంది" అన్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకున్నారా?"

మరిది గొంతు సవరించుకున్నాడు. కానిస్టేబుల్ గుమ్మంలో ఉన్నాడు కాబట్టి నేనిప్పుడు మేడం. "ఫోటోలు అయిపోయాయి మేడం. గోడకున్న ఏసీతో మనకేం పని?"

"స్పానర్ కూడా గట్టు మీద ఉన్నదే కదా, దాన్నెందుకు జాగ్రత్తగా కట్టి పెట్టావు? ఈ రిమోట్ మీది అంకె పట్టుకునే కదా డాక్టర్ టైము చెప్పాడు. ఆ టైము పట్టుకునే కదా నువ్వు మనిషిని పట్టుకున్నావు. ఆ మెషిన్ నీ మొదటి సాక్షి. సాక్షిని నిచ్చెన వేసి దింపి పంపించేస్తావా?"

"మేడం, మీరు నా దర్యాప్తులో వేలు పెడుతున్నారు."

"వేలు కాదు, చెయ్యి పెట్టాను. పావుగంట ఇవ్వండి. నేను తప్పైతే నిచ్చెన నేనే పట్టుకుంటాను."

మరిది గడియారం చూసుకుని, పనివాళ్ళని మెట్ల దగ్గర ఆగమన్నాడు. పెద్దమనసేం కాదు. నేను తప్పని తేలితే పండగలకీ పబ్బాలకీ చెప్పుకుని నవ్వుకోవచ్చని.

నేను అల్లుడి వైపు తిరిగాను. "ఈ మెషిన్ మీరే పెట్టించారా బాబూ?"

"నా షోరూం నుంచే. మామయ్యకి కానుక."

"మంచిదేనా?"

అతని మొహంలో వ్యాపారం మేలుకుంది. పాపం, అలవాటు. "మా దగ్గరున్నవాటిలో ఇదే బెస్ట్ ఆంటీ. ఇండోర్, ఔట్‌డోర్ రెండూ ఒకే సెట్టు, పక్కా జోడీ. పద్దెనిమిది పెడితే పది నిమిషాల్లో పద్దెనిమిది."

"నిన్న పొద్దున కూడా?"

"నిన్న పొద్దున మామయ్య గదిలోకి వెళ్ళి చెప్పే బయల్దేరాను. ఐసులా ఉంది. దుప్పటి కప్పుకోండి మామయ్యా అని కూడా అన్నాను."

"ఇన్‌స్పెక్టర్ గారూ, రాసుకోండి. ఏడూ ఇరవైకి ముందు గది ఐసులా ఉంది. దుప్పటితో సహా."

మరిది రాసుకున్నాడు. అతనికింకా అర్థం కాలేదు, అయినా చేతికి అలవాటు.

"మరంత బాగుంటే మామగారు ఇంకో మెకానిక్‌ని ఎందుకు పిలిచారు? ఇంట్లో షోరూం ఓనరుంటే?"

"వయసైపోయింది ఆంటీ. చాదస్తం. ఊరికే కొలతలు, లెక్కలు."

"లెక్కలు దేంట్లో రాసేవారు?"

అతని చూపు గది తలుపు మీదికి పోయి వచ్చింది. "నాకేం తెలుసు?"

నేను పుస్తకం మాట ఎత్తనే లేదు. అయినా చూపు అటే పోయింది. లోపల కూర్చున్నప్పుడే చూశాను, రాతబల్ల సొరుగులో మాస్టారి నోట్‌బుక్ ఉంది. ప్రతి అరగంటకీ గది వేడి రాసే మనిషి ఆయన. రెండు వారాల పేజీలూ ఉన్నాయి, నిన్నటి పేజీ మాత్రం చింపేసి ఉంది. కుట్టు దగ్గర కాగితం పీచు ఇంకా తెల్లగానే ఉంది.

తలుపు బార్లా తీశాను. "రండి, ఐసు చూద్దాం."

లోపలికి అడుగుపెట్టిన మరిది అప్రయత్నంగా కాలరు వదులు చేసుకున్నాడు. రాతబల్ల మీద ముప్పై ఒకటి. రిమోట్ మీద పద్దెనిమిది. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"గ్యాస్ లీకై ఉంటుంది. ఇవాళ పాడైంది" అన్నాడు అల్లుడు తొందరగా.

"లీకో కాదో విప్పితే తెలుస్తుంది."

మెట్ల మీది నిచ్చెన తెప్పించాను. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు, అయినా నేనే ఎక్కాను. ముందు రేకు కొత్తది, మెరుస్తోంది, మీద ఐదు నక్షత్రాల స్టిక్కరుంది. దాన్ని ఊడదీసి కిందికి అందించాను. వెనకాల కాయిల్ మొత్తం తెల్లటి మంచుగడ్డ. దాని పక్కన రేకు మీద పాత నంబరు ప్లేటుంది, అంచులు తుప్పుపట్టి. టన్ను కాయిల్. బాల్కనీలో ఉన్నది రెండు టన్నుల ఔట్‌డోర్. ఆ ప్లేటు కింద నల్ల పెయింటుతో చేతిరాత కనబడింది.

జోడీ సరిపోయిందని తేల్చిన ప్రతి సెట్టుకీ మాస్టారు లోపల ఒక అంకె వేసేవారు. ఇండోర్ మీద ఏ అంకె వేస్తే ఔట్‌డోర్ మీదా అదే. కింద సంతకం, తేదీ. ఇది ఆయన పద్ధతి. ఈ ఊళ్ళో మెకానిక్కులందరికీ తెలుసు.

"నాలుగు వందల పన్నెండు" చదివాను. "మాస్టారి సంతకం. తేదీ తొమ్మిదేళ్ళ కిందటిది. ఇన్‌స్పెక్టర్ గారూ, బాల్కనీలోకెళ్ళి ఔట్‌డోర్ మూత లోపల ఏముందో చూసి రండి."

మరిది వెళ్ళి వచ్చాడు. "ఏమీ లేదు."

"ఉండదు. నాలుగు వందల పన్నెండు అసలు జోడీ ఎవరింట్లోనో ఉండేది. వాళ్ళకి కొత్తది అమ్మి, పాతది విప్పుకుని వచ్చారు. పాత కాయిల్‌కి కొత్త రేకు తొడిగి కొత్తదన్నారు. ఈయన షోరూం నుంచి ఇంకెన్ని ఇళ్ళకి ఇలా వెళ్ళాయో ఈయనకే తెలియాలి. మొన్న సాయంత్రం రేకు ఎత్తి చూసినప్పుడు మెకానిక్‌కి మంచు కనబడింది. రాత్రి మెషిన్ కాసేపు ఆపి, మంచు కరిగాక మాస్టారికి తన సంతకమే కనబడి ఉంటుంది."

అల్లుడు నిచ్చెన కాలు పట్టుకుని నిలబడ్డాడు. దొంగకి తేలు కుట్టినట్టు మొహం పెట్టి, అరవకుండా. తర్వాత మెల్లగా అన్నాడు. "సరే. పనివాళ్ళు ఎవరో చేసిన మోసం. నా షోరూం లైసెన్సు పోతే పోనీ. దానికీ హత్యకీ ఏంటి సంబంధం? నేను ఏడూ ఇరవైకి వెళ్ళిపోయాను."

తెలివైనవాడే. చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాటేద్దామనుకున్నాడు. నేను నిచ్చెన దిగి డాక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ నొక్కాను.

"డాక్టర్ గారూ, గది పద్దెనిమిది కాదు, ముప్పై ఒకటి అనుకోండి. శరీరం అంతే, ముప్పై నాలుగున్నర. అప్పుడు టైమెంత?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "వేడి గదిలో శరీరం నెమ్మదిగా చల్లబడుతుంది" అన్నాడు చివరికి. "అప్పుడు చాలా వెనక్కి వెళ్ళాలి. ఆరున్నర, ఏడు. నిజానికి ఒళ్ళు కూడా నేననుకున్నదానికంటే ఎక్కువ బిగుసుకుపోయింది. బక్కమనిషి కదా, అందుకేమో అనుకున్నాను. పద్దెనిమిది అని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు, అదే వేసుకున్నాను."

మరిది మొహం చూడలేకపోయాను. అయినా వాడు మా ఇంటివాడే, అంత తేలిగ్గా లొంగుతాడా?

"ఇవాళ ముప్పై ఒకటి ఉంది, ఒప్పుకుంటాను" అన్నాడు. "నిన్న ఉందని రుజువేంటి? నిన్న కిటికీలు తీసేశారు. మెకానిక్ కాళ్ళు సాక్ష్యం చెప్పవు మేడం. కోర్టులో ప్లీడరు నన్ను ఉతికి ఆరేస్తాడు."

న్యాయమైన మాటే. అది నన్నూ పొద్దుట్నుంచీ తొలుస్తూనే ఉంది. నిన్న ఆ గది ఎలా ఉందో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. మాస్టారి కూతురు పక్కగదిలో తలుపు వేసుకుని ఉంది.

"మీ భార్యని పిలవండి" అన్నాను.

"ఆమెని వదిలెయ్యండి. తండ్రి పోయి నిండా రెండ్రోజులు కాలేదు. మనుషులేనా మీరు?"

జవాబు చెప్పకుండా ఏసీ ఆపేశాను. పన్నెండూ యాభై. కిటికీలు రెండూ తీశాను. కాసేపటికి మంచుగడ్డ లోపల చిటుక్కుమంది. ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత ధారగా గోడ వార నేల మీద పడసాగింది.

మరిది ఆ నీళ్ళ వైపు చూశాడు. చేతిలో కాగితాలు తిరగేసి తను రాసిన మాటని వేలితో వెతుక్కున్నాడు. గోడ వార నేల తడిగా ఉన్నది. సరిగ్గా అదే చోటు. పనిచేసే ఏసీ నీళ్ళు గొట్టంలోంచి బయటికి పోతాయి. ఇలా గదిలోకి రావు.

"నిన్న కూడా ఇలాగే పడ్డాయి" అని వినబడింది.

మాస్టారి కూతురు గుమ్మంలో ఉంది. నలభై ఏళ్ళుంటాయి. జుట్టు ముడివేసుకుని, నర్సులు తొడుక్కునే తెల్లజోళ్ళు ఇంట్లో కూడా తొడుక్కుని ఉంది. నీళ్ళనే చూస్తోంది.

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు భర్త. "నీకు ఒంట్లో బాలేదు."

ఆమె వెళ్ళలేదు.

"అమ్మా, ఒక్కటే అడుగుతాను" అన్నాను. ఎంత మెత్తగా అడుగుదామనుకున్నా నా గొంతు నాకే మోటుగా వినబడింది. "నిన్న తలుపు తీయగానే మొహానికి చల్లగా తగిలిందా, ఉక్కగా తగిలిందా?"

ఆ ప్రశ్నకి అర్థమేంటో ఆమెకి తెలుసు. నేను అడగకముందే తెలుసు. అది ఆమె కళ్ళలో కనబడింది. టైలరమ్మ తమ్ముడి ప్రాణం ఈమె నోట్లో ఉంది. ఈమె కాపురం కూడా అక్కడే ఉంది.

"ఉక్కగా" అంది. "అందుకే ఆపేసి కిటికీలు తీశాను."

"షాక్‌లో ఉందండీ, ఏం మాట్లాడుతుందో..." అల్లుడు ముందుకి కదిలాడు. మరిది చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి చూసి నాకు కొంచెం ఊపిరాడింది.

"షాకేం లేదు" అంది ఆమె, భర్తని చూడకుండా. "పద్దెనిమిదేళ్ళుగా వార్డులో పనిచేస్తున్నాను. నాన్న తల ఎత్తుదామని గడ్డం కింద చెయ్యి పెట్టాను. దవడ బిగుసుకుపోయి ఉంది. మెడ కూడా. చేతులు కూడా. ఇప్పుడే పోయిన మనిషి కాదని అప్పుడే తెలిసింది. పొద్దున్నే పోయారు. ఐదున్నరకి నేను టీ ఇచ్చి వెళ్ళాను, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నారు. 'డ్యూటీ అవగానే వచ్చెయ్, మీ ఆయన గురించి మాట్లాడాలి' అన్నారు. పిల్లలు సెలవులకి ఊరెళ్ళారు. నేను వెళ్ళాక ఇంట్లో మిగిలింది ఇద్దరే."

ఏసీ కింద నీళ్ళు ఆమె జోళ్ళ దాకా వచ్చాయి. ఆమె జరగలేదు.

"నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు మరిది. గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు.

"పదింటికి ఎవరో వచ్చారని మీరే అన్నారు. డాక్టర్ కూడా పదింటికే అన్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్తుంటే నేను పొరపడ్డానేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. సాయంత్రం మార్చురీ గేటు దగ్గర ఆ మెకానిక్ అక్క నా కాళ్ళు పట్టుకుంది. మా తమ్ముడు కాదమ్మా అంది. నాకు తెలుసు అని అనాలి. అనలేదు. ఇంటికొచ్చి ఈయనకి అన్నం పెట్టాను."

అల్లుడు ఆమె పేరు పెట్టి పిలిచాడు, ఒక్కసారే, చాలా మెల్లగా. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆమెకి అర్థమైంది. అప్పుడు మొదటిసారి అతని వైపు తిరిగింది.

"దుప్పటి కప్పుకోమన్నానని చెప్పావు కదా ఇందాక. ఆ గోడ అవతల కూర్చుని విన్నాను. ఈ ఎండల్లో, ఆ గదిలో, నాన్నకి దుప్పటి."

మరిది స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "వ్యాను ఆపండి. నేను చెప్పేదాకా ఆ మెకానిక్‌ని కదపొద్దు. వాళ్ళక్క బయట కూర్చుని ఉంటుంది. మంచినీళ్ళివ్వండి." ఫోన్ పెట్టేసి కానిస్టేబుల్‌కి కళ్ళతో సైగ చేశాడు. కానిస్టేబుల్ వచ్చి అల్లుడి పక్కన నిలబడ్డాడు. అప్పటికి ఒంటిగంటా ఐదు.

"అమ్మా, మీరు కూర్చోండి. తొందరేం లేదు, వాంగ్మూలం సాయంత్రం తీసుకుంటాను" అన్నాడు మరిది.

ఆమె తల అడ్డంగా ఊపింది. తండ్రి రాతబల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడే రాసుకోండి" అంది. "పిల్లలు మూడున్నర బస్సుకి ఊర్నుంచి వస్తారు. మా నాన్న ఏడీ అని అడుగుతారు. వాళ్ళ మొహాలు చూశాక ఈ మాట మళ్ళీ నా నోట్లోంచి వస్తుందో లేదో నాకు తెలీదు."

మరిది పెన్ను మూత తీశాడు.